జలదారి నీళ్లు ఎక్కడికి పోవాలి? పల్లెల్లో మురుగునీటిపై తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనంతపురం జిల్లాలో గుత్తికి, తాడిపత్రికి నడుమ ఒక పల్లె. ఊరు సగం ఎర్రనేల మీద, సగం నల్లరేగడి మీద ఉంది. ఊళ్లో ఇంకుడు గుంతలు, మురుగు కాలువల పనులు మొదలైనప్పటి నుంచి దగ్గరుండి చూస్తున్నాను. కొన్నిటికి పలుగు పట్టాను, కొన్నిటికి మాట పడ్డాను. కర్నూలు, కడప వైపు బంధువుల ఊళ్ల నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. అందుకే ఒకచోట రాసి పెట్టాను.

మురుగునీరు అంటే అంతా ఒకటే కదా? రెండు రకాలుగా వేరు చేయడం ఎందుకు?

ఒకటి కాదు. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే సగం పనులు చెడిపోతున్నాయి. స్నానాలు, బట్టలు, అంట్లు, అంటే జలదారి గుండా బయటికి వచ్చే నీళ్లు ఒక రకం. ప్రభుత్వ కాగితాల్లో దీన్ని గ్రే వాటర్ అని రాస్తారు. ఇందులో సబ్బు, జిడ్డు, మెతుకులు, మట్టి ఉంటాయి. రోగక్రిములు ఉన్నా తక్కువే. మరుగుదొడ్డి నుంచి వచ్చేది రెండో రకం. విరేచనాలు, కామెర్లు, టైఫాయిడ్, ఏలికపాములు అన్నీ అక్కడి నుంచే బయలుదేరతాయి. మొదటి రకాన్ని నేల తేలిగ్గా శుభ్రం చేసుకుంటుంది. రెండోదాన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్లు మూసిపెట్టాలి. రెండూ కలిపారంటే మొత్తం రెండో రకమే అవుతుంది. కడివెడు పాలకు ఒక్క విషపు చుక్క చాలదా!

చంటిబిడ్డల పొత్తిగుడ్డలు ఉతికిన నీళ్లు కూడా రెండో రకమే. వాటిని మరుగుదొడ్డిలో పోయడం మంచిది.

మాది చిన్న ఊరు. ఎన్ని నీళ్లు వస్తాయని ఇంత హడావుడి?

లెక్క వేద్దాం. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. "మాకు అన్ని నీళ్లు ఎక్కడొస్తున్నాయి?" అని మీరు నవ్వవచ్చు. వేసవిలో నేనూ నవ్వుతాను. అయినా అదే తీసుకుందాం. 1500 మంది ఉన్న ఊరికి రోజుకు 82,500 లీటర్లు. వాడిన దానిలో 70 శాతం వాడుక నీళ్లుగా బయటికి వస్తాయనుకుంటే దాదాపు 58,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే పదకొండుకు పైనే, అదీ ప్రతిరోజూ.

మే నెలలో ఒక్క ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకుని ఎలా ఎగబడతామో మనకు తెలుసు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. ఇక్కడ కొన్నిచోట్ల వెయ్యి అడుగుల లోతు నుంచి కరెంటు ఖర్చు పెట్టి తోడిన నీళ్లు ఒక్కసారి ఒంటి మీద నుంచి జారి, వీధిలో కుళ్లిపోతున్నాయి. నన్ను ఈ పనిలోకి దింపింది దోమలు కాదు, ఈ లెక్కే.

వీధికి సిమెంటు కాలువ కట్టిస్తే సరిపోదా?

కాలువ నీళ్లను శుభ్రం చేయదు. మీ గుమ్మం ముందున్న వాటిని ఇంకొకరి గుమ్మం ముందుకు తోస్తుంది, అంతే. కాలువ మంజూరైందని ఎవరైనా సంతోషంగా చెబితే నేను అడిగేది ఒక్కటే: "చివర ఏముంది?" చాలాసార్లు జవాబు ఉండదు. చివర చెరువో, వంకో, ఎవరిదో దొడ్డిగోడో ఉంటుంది.

అలాగని కాలువే వద్దని కాదు. వాననీళ్లకు దారి కావాలి కదా. కట్టేటప్పుడు వంద అడుగులకు కనీసం అర అడుగు వాలు ఇవ్వండి. అడుగుభాగం చదునుగా కాకుండా గుండ్రంగా ఉండాలి. పల్లెలో నీళ్లు పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట పారతాయి. వెడల్పాటి చదును కాలువలో ఆ సన్నటి ధార ఎక్కడికక్కడ ఆగి మట్టిని దించేస్తుంది. గుండ్రటి అడుగులో అదే ధార మట్టిని తోసుకుంటూ పోతుంది.

మన వైపు బేతంచెర్ల, తాడిపత్రి నాపరాళ్లు దొరుకుతాయి కాబట్టి కాలువల పైన బండలు మూస్తుంటారు. మూయండి, కానీ సిమెంటుతో అతికించకండి. మా వీధిలో అలా అతికించిన బండల కింద ఒక పాత చీర అడ్డుపడింది. అది ఎక్కడుందో కనుక్కోవడానికి పదకొండు బండలు పగలగొట్టాం. పది అడుగులకొక బండ ఇద్దరు మనుషులు ఎత్తేలా వదలాలి.

మాది ఎర్రనేల. ఇంకుడు గుంత ఎలా తవ్వుకోవాలి?

మీరు అదృష్టవంతులు, ఎర్రనేల నీళ్లను బాగా తాగుతుంది. ఇంటి పునాదికి నాలుగడుగులకు తగ్గకుండా, బావికి, చేతిపంపుకు, బోరుకు యాభై అడుగుల దూరంలో, ఇంటి కంటే పల్లంలో చోటు చూసుకోండి. నలుగురైదుగురు ఉన్న ఇంటికి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు అనేది అందరూ చెప్పే కొలత. మనుషులు ఎక్కువైతే లోతు పెంచకండి, పొడవు పెంచండి. అడుగుభాగం కొద్ది కాలానికే సన్నటి బురదతో మూసుకుపోతుంది. ఆ తర్వాత నీళ్లు ఇంకేది పక్కగోడల నుంచే.

నింపే పద్ధతులు రెండున్నాయి. పాత పద్ధతిలో అడుగున పెద్ద రాళ్లు, వాటి పైన పిడికిలంత రాళ్లు, ఆపైన కంకర, దాని మీద ఇసుక వేస్తారు. ఖర్చు తక్కువే గానీ పూడితే మొత్తం తోడి కడగాల్సిందే. నాకు నచ్చింది రెండోది. మధ్యలో చుట్టూ చిల్లులున్న సిమెంటు వర దించి, వరకూ గుంత గోడకూ మధ్య కంకర పోసి, పైన నాపబండ మూత వేయడం. వర ఖాళీగా ఉంటుంది కాబట్టి బండ తీసి లోపల పేరుకున్నది తోడేయవచ్చు. మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా టెంభుర్ని అనే ఊరు ఇంటింటికీ దాదాపు ఇలాంటి గుంతలే కట్టుకుని, వీధి కాలువలతో పని లేకుండా దోమల పీడ వదిలించుకుంది. అక్కడ దీన్ని మ్యాజిక్ పిట్ అంటారు. మ్యాజిక్ ఏమీ లేదు, నేల చేసే పనికి మనం అడ్డు రాకపోవడమే.

అసలు కీలకం గుంత కాదు, గుంతకు ముందుండే తొట్టి. అడుగున్నర చదరం, రెండడుగుల లోతు చాలు. జలదారి నీళ్లు ముందు అందులో పడాలి. తొట్టి నుంచి గుంతకు పోయే పైపుకు లోపలి వైపు ఒక ఎల్బో బిగించి, దాని మూతి కిందికి తిప్పండి. మట్టి, మెతుకులు అడుగున దిగిపోతాయి, నూనె జిడ్డు పైన తేలుతుంది, మధ్యనున్న నీళ్లే గుంతలోకి వెళతాయి. చిన్న ఎల్బో ముక్క మిగిలించుకుందామని చూసి, ఏడాదికే గుంత పూడ్చుకున్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు.

మాది నల్లరేగడి. మాకు కూడా అదే గుంత ఇమ్మంటున్నారు. పనిచేస్తుందా?

చాలాచోట్ల పనిచేయదు. 2021లో కేంద్రం సుజలాం పేరుతో వంద రోజుల్లో పది లక్షల ఇంకుడు గుంతలని లక్ష్యం పెట్టింది. ఉద్దేశం మంచిదే. అయితే సంఖ్య మీద దృష్టి పెడితే నేల రకం ఎవరు చూస్తారు?

తవ్వే ముందు ఒక పరీక్ష చేయండి. గునపం, బిందె, గడియారం ఉంటే చాలు. గుంత ఎంత లోతు అనుకుంటున్నారో ఆ లోతులో అడుగు చదరపు చిన్న గుంట తీయండి. ముందురోజు దాన్ని నీళ్లతో నింపి నానబెట్టండి. మర్నాడు మళ్లీ నీళ్లు పోసి, ఒక పుల్ల మీద గుర్తులు పెట్టుకుని, అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం అరగంట లోపు దిగితే ఇంకుడు గుంత పెట్టుకోవచ్చు. అరగంటకు, గంటకు మధ్య పడితే గుంత సరిపోదు, పొడవైన కందకం కావాలి. గంట దాటితే ఇంకించే ఆశ వదులుకోవాలి.

నానబెట్టడం మాత్రం మానకండి. ఎండాకాలంలో రేగడి నెర్రెలు విచ్చి ఉంటుంది. అందులో బిందె నీళ్లు పోస్తే చిటికెలో మాయమవుతాయి. నాకు మామ వరుస అయ్యే ఒకాయన అలాగే చూసి, "మా నేల మీ ఎర్రనేల కంటే ఎక్కువ తాగుతుంది" అని పందెం కట్టాడు. ఆ సాయంత్రమే గుంటను మళ్లీ నింపి వచ్చాం. తెల్లవారి వెళ్లి చూస్తే నెర్రెలన్నీ ఉబ్బి మూసుకున్నాయి, నీళ్లు అలాగే ఉన్నాయి, వాటిలో ఒక కప్ప కూర్చుని మమ్మల్ని చూస్తోంది. మామ పుల్లను గుంటలో పారేసి ఇంటికి వెళ్లిపోయాడు.

అయితే రేగడి ఊళ్లకు దారి లేదని కాదు. కొన్నిచోట్ల నాలుగైదు అడుగుల కింద సుద్ద గానీ, గరుసు గానీ తగులుతుంది. అది నీళ్లు తాగుతుందేమో అక్కడ మళ్లీ పరీక్షించవచ్చు. పెరడు ఉంటే తక్కువ లోతున పొడవాటి కందకం తీసి, కంకర, గరుసు నింపి, గట్ల మీద అరటి, బొప్పాయి పెట్టండి. నేల తాగకపోయినా చెట్టు తాగుతుంది, ఎండ తాగుతుంది. ఏడాదంతా పడే వాన కంటే ఆవిరైపోయేదే చాలా ఎక్కువ ఉండే ప్రాంతం మనది. మన కష్టం ఈ ఒక్కచోట కలిసొస్తుంది. పెరడు కూడా లేదంటే కాలువ తప్పదు, కాలువ చివర కుంటలూ తప్పవు. వాటి సంగతి కింద రాశాను.

కర్నూలు–కడప కాలువ ఆయకట్టులో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. కాలువ పారే రోజుల్లో నేలలోని నీటిమట్టం పైకి వస్తుంది. గుంత అడుగుకూ నీటిమట్టానికీ మధ్య కనీసం ఐదారు అడుగుల పొడినేల లేకపోతే గుంత తవ్వడం అంటే మురుగును నేరుగా బావిలో పోయడమే.

గుంత ఎన్నాళ్లు పనిచేస్తుంది?

తొట్టిని ఎంత తరచుగా శుభ్రం చేస్తే అన్నాళ్లు. మా ఊళ్లో ఒకే రోజు తవ్విన గుంతల్లో ఒకటి ఏడాదికే పొంగింది. దాని పక్కింటిది ఇప్పటికీ గుటకలు వేస్తూ తాగుతోంది. ఆ పక్కిల్లు ఒక అవ్వది. తొట్టి మూతికి కొబ్బరిపీచు కుక్కి ఉంచుతుంది. శనివారం తలంటు పోసుకునే ముందు పీచు తీసి దులిపి, అడుగున పేరుకున్న బురదను పాత చేటతో ఎత్తి దిబ్బలో వేస్తుంది. మొత్తం పది నిమిషాల పని. "గుంత కట్టించినవాళ్లు మళ్లీ రారు నాయనా, నేనే ఉంటాను" అంది ఒకసారి. శిక్షణ తరగతులు కొన్ని చూశాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఇంకుడు గుంతలతో మా బోరు నీళ్లు పాడవవా?

భయం సబబైనదే. జలదారి నీళ్లకు యాభై అడుగుల దూరం, కింద పొడినేల ఉంటే ఇబ్బంది ఉండదు. ప్రమాదం మరుగుదొడ్డి నీళ్లతోనే. మట్టి మందంగా ఉన్నచోట క్రిములు కొన్ని అడుగుల్లోనే చిక్కుకుపోతాయి. మన జిల్లాలో చాలాచోట్ల మూడు నాలుగడుగులకే బండ తగులుతుంది. బండలో నెర్రె ఉంటే నీళ్లు వడకట్టుకోకుండానే దూరాలు పోతాయి. అందుకే బండ బయటపడిన గుంటలో మరుగుదొడ్డి నీళ్లు ఇంకించకూడదు.

క్రిములు చచ్చినా, మలమూత్రాల నుంచి పుట్టి నీళ్లలో కరిగే నైట్రేట్ అనే లవణం చావదు. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే సీసాపాలు తాగే పసిబిడ్డలకు ప్రమాదం, ఒళ్లు నీలంగా మారుతుంది. కాచినా పోదు, ఇంకా చిక్కబడుతుంది.

ఫ్లోరైడ్ గురించి కూడా ఇదే ఊపులో అడుగుతుంటారు. అది మురుగు వల్ల వచ్చేది కాదు, రాతిలోంచి నీళ్లలోకి దిగేది. దానికి ఇంకుడు గుంతలను తప్పు పట్టకండి.

రెండు గుంతల మరుగుదొడ్డి మంచిదా, సెప్టిక్ ట్యాంకు మంచిదా?

ఎర్రనేలలో, నీటిమట్టం లోతుగా ఉన్న ఊళ్లో నా ఓటు రెండు గుంతలకే. ఒక్కొక్కటి దాదాపు మీటరు వెడల్పు, మీటరు పైచిలుకు లోతు. గోడలో ఇటుకల మధ్య సందులు వదులుతారు, లేదా చిల్లుల వరలు దించుతారు. ముందు ఒక గుంత వాడతారు. ఐదారుగురి ఇంటికి మూడేళ్లకు అటూ ఇటూగా నిండుతుంది. అప్పుడు చిన్న గదిలో ఉన్న మళ్లింపు దగ్గర ఒక దారి మూసి రెండోది తెరుస్తారు. మొదటిది కదలకుండా రెండేళ్లు ఉంటే లోపలిది ఎరువవుతుంది.

జనం మాత్రం సెప్టిక్ ట్యాంకే కావాలంటారు, అదీ ఎంత పెద్దదైతే అంత గొప్ప. నిజానికి ఐదుగురి ఇంటికి ఒకటిన్నర మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు నీళ్ల లోతు ఉంటే చాలని ప్రమాణం చెబుతోంది. గది లాంటి ట్యాంకు కట్టి "మా కాలంలో ఇది నిండదు" అని చెప్పుకోవడం చూస్తుంటాను. నిండకపోతే అడుగు కారుతోందని అర్థం. సెప్టిక్ ట్యాంకు సగం పనే చేస్తుంది, గట్టిదాన్ని దించుతుంది. బయటికొచ్చే నీళ్లు తేటగా కనిపించినా క్రిములతో నిండి ఉంటాయి. వాటికి విడిగా ఇంకుడు గుంత ఉండాలి. ఆ పైపును వీధి కాలువలో కలపడం మన ఊళ్లలో అందరూ చేసే తప్పు, ఎవరూ ఒప్పుకోని తప్పు.

నిండిన గుంతలోది ఎరువు అంటున్నారు. చేత్తో ముట్టుకోవచ్చా?

రెండేళ్లు మూసి ఉంచినదైతే ముట్టుకోవచ్చు. ఏలికపాముల గుడ్లు మొండివి, నెలల తరబడి బతుకుతాయి. అందుకే తొందర పడకూడదు. గుంతలోకి ఇంకా నీళ్లు ఊరుతుంటే కూడా తీయకూడదు.

మా ఇంటి గుంత తెరిచిన రోజు వాకిట్లో పదిమంది చేరారు, అందరి ముక్కులకూ తువ్వాళ్లే. బండ జరిపితే వాసన రాలేదు. పారతో తీసింది నల్లగా, పొడిపొడిగా, కాఫీ పొడిలా ఉంది. తొలకరి పడిన చేను వాసన వచ్చింది. గుంత నిండా వేశామనుకున్నది సగానికి కుంగిపోయింది. గంపలకెత్తి కొబ్బరిచెట్టు పాదులో వేశాం. మా ఇంట్లో ఒకరు మాత్రం ఆ ఏడాది ఆ చెట్టు కాయ ముట్టలేదు. మరుసటి ఏడాది ముట్టారు.

సెప్టిక్ ట్యాంకు నిండితే మనిషిని దింపి తీయించవచ్చా?

వద్దు. ఎంత డబ్బు ఇస్తామన్నా, దిగేవాడు నేను దిగుతానన్నా వద్దు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ నిలిచి ఉంటాయి. రెండు మూడు శ్వాసల్లో మనిషి కూలిపోవచ్చు. కాపాడబోయి దిగిన రెండోవాడూ పోతాడు. పైగా ఇది నేరం. చేతులతో పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం, దింపించడం శిక్షార్హం. ఇలా చనిపోయినవారి కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షల రూపాయలకు పెంచింది. ఈ చావుల మీద దశాబ్దాలుగా పోరాడుతున్న బెజవాడ విల్సన్ మనకు పొరుగున కోలారు బంగారు గనుల్లో, తెలుగు ఇంట పుట్టినవాడే.

మూడేళ్లకోసారి పీల్చే ట్యాంకరును పిలవండి. పిలిచేటప్పుడు ఎక్కడ పారబోస్తారని కూడా అడగండి. చీకటి పడ్డాక వంకలో వదిలేసి పోయే బండ్లను నేను చూశాను. బెంగళూరు దగ్గర దేవనహళ్లిలో 2015 నుంచి ఈ మడ్డిని శుద్ధి చేసే కేంద్రం నడుస్తోంది. హిందూపురం వాళ్లకు అది మరీ దూరమేమీ కాదు. ఒకసారి వెళ్లి చూసిరావచ్చు.

కాలువ చివర చేరే నీళ్లను ఊరి స్థాయిలో ఎలా శుభ్రం చేయాలి?

కుంటలు తవ్వండి, ఎండను పని చేయనివ్వండి. మూడు కుంటలు వరుసగా ఉంటాయి. ముందొక జల్లెడ, మట్టి దిగే తొట్టి. మొదటి కుంట లోతుగా, రెండు మీటర్లకు పైగా ఉంటుంది. అక్కడ గాలి లేకుండా బతికే క్రిములు మడ్డిని తింటాయి. రెండోది మీటరున్నర లోతు. పైన పాచి పెరుగుతుంది, పాచి వదిలే ఆక్సిజన్‌తో మరో రకం క్రిములు మిగిలిన మురికిని తింటాయి. పచ్చగా ఉందని కంగారుపడి ఆ పాచిని తీయించిన ఊరు ఒకటి నాకు తెలుసు. పనివాళ్లను తరిమేసి పని జరగలేదన్నట్టుంది! మూడోది ఇంకా తక్కువ లోతు. అందులో ఎండ అడుగుదాకా దిగి రోగక్రిములను చంపుతుంది.

పైన చెప్పిన 58,000 లీటర్లను పదిహేను రోజులు నిలపాలంటే, సగటున మీటరుంబావు లోతున పదిహేడు సెంట్లకు పైగా నీటిమడుగు కావాలి. కట్టలు, దారి కలిపితే ముప్పై సెంట్లు అవుతుంది. ఊళ్లో సగం ఇళ్లు ఇంకుడు గుంతలు పెట్టుకుంటే అందులో సగం చాలు. ముందు ఇళ్ల దగ్గర గుంతలు అని నేను పట్టుబట్టేది అందుకే. పంజాబ్‌లో బల్బీర్ సింగ్ సీచేవాల్ ఊళ్ల మురుగును వరుస గుంటల్లో తేర్చి, కుంటలో నిలిపి, పొలాలకు పారించారు. సీచేవాల్ నమూనా అంటే అదే.

స్థలం తక్కువైతే కంకర మడి ఉంది. రెండడుగుల లోతు కంకరలో మెట్టతామర, జమ్ము నాటి, నీళ్లను కంకర కిందుగా నడిపిస్తారు. నీళ్లు బయటికి కనపడవు కాబట్టి దోమకు చోటు లేదు. కానీ ముందు మట్టి దించకపోతే కంకర మూసుకుపోతుంది.

పట్నంలోలా మోటార్లు, గాలి ఊదే బ్లోయర్లు ఉన్న ప్లాంటు పెట్టిస్తే?

కరెంటు బిల్లు ఎవరు కడతారు? మోటారు కాలితే ఎవరు బాగు చేయిస్తారు? ఈ రెండిటికీ పేరుతో సహా జవాబు ఉంటే పెట్టించండి.

ఈ నీళ్లతో ఏ పంటలు పండించవచ్చు?

ఇంటి జలదారి నీళ్లు అరటి, బొప్పాయి, కొబ్బరి, కరివేపాకు పాదులకు నేరుగా పెట్టవచ్చు. మొదలు దగ్గర, మట్టిలో పోయాలి గానీ ఆకుల మీద చల్లకూడదు. కొత్తిమీర, పాలకూర, ముల్లంగి లాంటి పచ్చిగా తినేవి, నేలకు ఆనుకుని ఉండేవి వద్దు. కుంటల నీళ్లు పశుగ్రాసానికి, మల్బరీకి, కలప చెట్లకు వాడుకోవచ్చు. ఒకేచోట ఏళ్ల తరబడి సబ్బు నీళ్లు పోస్తే సబ్బులోని సోడియం నేలను చౌడు చేస్తుంది. అందుకని పాదులు మారుస్తుండాలి. బట్టల సోడా నీళ్లు ఎక్కువగా ఉన్న రోజు చెట్లకు వదలకండి. కుంకుడుకాయల నీళ్లకు ఈ బెడద లేదు.

మురుగు పోతే డెంగీ పోతుందా?

పోదు. మురుగులో గుడ్లు పెట్టేది క్యూలెక్స్ దోమ. బోదకాలు తెచ్చేది, రాత్రి నిద్ర చెడగొట్టేది అదే. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు మంచినీళ్లు కావాలి. అది మీ నాపరాతి గాబులో, డ్రమ్ములో, పెరట్లో పడేసిన టైరులో పెరుగుతుంది. కొళాయి వారానికి రెండుసార్లే వస్తుంది కాబట్టి మనం నీళ్లు నిల్వ చేస్తాం, ఆ నిల్వలోనే అది పుడుతుంది. గాబును వారానికోసారి ఖాళీ చేసి, గోడలు కొబ్బరిపీచుతో రుద్ది, ఎండబెట్టండి. గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోస్తే సరిపోదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

2020లో మొదలైన స్వచ్ఛభారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశలో, వాడుక నీళ్ల పనులకు 5,000 జనాభా లోపు ఊరికి మనిషికి 280 రూపాయల వరకు, అంతకు మించితే 660 రూపాయల వరకు అని లెక్క పెట్టారు. 1500 మందికి 4,20,000 రూపాయలు. అందులో 30 శాతం 15వ ఆర్థిక సంఘం నిధుల నుంచి పంచాయతీ పెట్టుకోవాలన్నారు. ఉపాధి హామీ కింద తవ్విన ఇంకుడు గుంతలు కూడా చాలా ఉన్నాయి. పథకాలు మారుతుంటాయి కాబట్టి ప్రస్తుతం ఏది నడుస్తోందో గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ సహాయకుడిని అడగండి. గ్రామసభ తీర్మానంలో పని పేరు, చోటు రాయించండి. "మురుగు పనులు" అని మొత్తంగా రాస్తే అది కాలువగా మారిపోతుంది.

ఊళ్లో ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎగువన. గోడు వినిపించేది దిగువ నుంచి కాబట్టి అందరూ అక్కడే మొదలుపెడతారు. మేమూ అదే చేశాం. దిగువన ఎవరి ఇళ్లు ఉంటాయో మన ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఊరంతా కడుక్కున్న నీళ్లు తరాలుగా దళితవాడ వాకిళ్ల ముందే ఆగుతున్నాయి. అక్కడ తవ్విన గుంతలు రోజూ ఏడింటికల్లా పొంగేవి. ఆ నీళ్లు ఆ ఇళ్లవి కావు.

మిట్ట వీధివాళ్లను ఒప్పించడానికి ఎండాకాలం మొత్తం పట్టింది. "మా ఇంటి ముందు మురుగు నిలవదు కదా, మాకెందుకు గుంత?" అన్నది వాళ్ల మాట. నిలవదు, నిజమే. ఒక్కో ఇంటికి వెళ్లి, మీ నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూద్దాం రండని కాలువ వెంట నడిపించాం. కొందరు రాలేదు. వచ్చినవాళ్లలో సగంమంది తవ్వించుకున్నారు. వాళ్లను చూసి తర్వాత మిగతావాళ్లు దిగారు. మిట్ట వీధిలో చివరి గుంతకు బండ మూసిన మర్నాడు పొద్దున దిగువ వీధి కాలువలోకి పైనుంచి చుక్క రాలేదు. అక్కడి అమ్మాయి ఒకరు బిందె చంకన పెట్టుకుని వచ్చి, "ఈ రోజు పైవీధికి కొళాయి వదల్లేదా అన్నా?" అని అడిగింది.